ఎండకు అలవాటుపడని నరం

“కాస్త ఎండలో తిరుగమ్మా, ఒళ్లు అలవాటు పడుతుంది.” మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవాళ్లకు ఉగాది మొదలు మృగశిర కార్తె దాకా తెగ వినిపించే సలహా ఇది. చెప్పేవాళ్లంతా మన మేలు కోరేవాళ్లే. అయినా, ఈ జబ్బుతో బెజవాడలో పదకొండు వేసవులు గడిపిన మనిషిగా గట్టిగా చెబుతున్నాను, దీన్ని పాటించకండి. మిగతా తప్పుడు సలహాలు చాలావరకు దీనికి పుట్టిన పిల్లలే.

కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగులా నరానికి మైలిన్ అనే పొర ఉంటుంది. ఈ జబ్బులో అది అక్కడక్కడా ఊడిపోతుంది. ఊడినచోట కూడా సంకేతం ఎలాగో నెట్టుకుంటూ వెళుతుంది. ఒంటి లోపలి వేడి అర డిగ్రీ పెరిగితే చాలు, అక్కడే ఆగిపోతుంది. కన్ను మసకబారుతుంది, కాలు ఈడ్చుకుపోతుంది. ఒళ్లు చల్లబడితే సంకేతం మళ్లీ కదులుతుంది. 1890లో విల్హెల్మ్ ఊట్‌హోఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు, శ్రమ పడ్డాక రోగుల చూపు మందగించడం గమనించి రాశాడు. ఇప్పటికీ దీన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. ఎమ్మారై స్కాన్లు రాకముందు రోగిని వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి, లక్షణాలు బయటపడితే జబ్బును పోల్చుకునేవారు. ఎంత తిరిగినా ఊడిన పొర ఎండకు మొలవదు.

“మంచి వేడినీళ్లు పోసుకో, నరాలు వదులవుతాయి.” ఈ మాట విని ఒక ఉగాదికి నువ్వులనూనె పట్టించుకుని, పొగలు కక్కే నీళ్లతో తలంటు పోసుకున్నాను. నాలుగో చెంబుకే గోడ కనిపించలేదు. మోకాళ్లు నావి కావనిపించాయి. కుళాయి పట్టుకుని కేకేస్తే అత్తయ్య పరిగెత్తుకొచ్చి, పక్షవాతమేమోనని ఏడ్చేసింది. ఫ్యాను కింద పడుకోబెట్టి మెడకు, చంకల్లో తడి తువ్వాళ్లు వేశారు. ముప్పావుగంటకు చూపు తిరిగొచ్చింది. తలంటు ఇప్పటికీ మానలేదు. కాకపోతే కుళాయి నీళ్లతోనే పోసుకుంటాను, స్టూలు మీద కూర్చుంటాను, తలుపు గడియ పెట్టను. కాళ్లు తిమ్మిరెక్కినవాళ్లకు వేడి కాపడం కూడా చెబుతుంటారు. స్పర్శ తెలియని కాలికి చర్మం కాలిందనీ తెలియదు.

అన్నిటికన్నా నన్ను భయపెట్టే సలహా ఇంకొకటి. “మాటిమాటికీ బాత్‌రూమ్‌కి వెళ్లలేకపోతున్నావు కదా, నీళ్లు తగ్గించు.” చాలామంది ఆడవాళ్లు, ముఖ్యంగా ప్రయాణాల్లోనూ పెళ్లిళ్లలోనూ, ఎవరూ చెప్పకుండానే ఈ పని చేస్తారు. నీళ్లు తగ్గితే చెమట తగ్గుతుంది, మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది, దాంతో జ్వరం. ఆ జ్వరం రాత్రీపగలూ ఒంట్లోనే కాసే ఎండ. నీళ్లు తాగండి, మంచుముక్కలు వేసిన మజ్జిగ తాగండి. బాత్‌రూమ్ ఎక్కడుందో ముందే కనుక్కోండి. మూత్రం ఆపుకోవడానికి వాడే కొన్ని మందులు చెమటను కూడా తగ్గిస్తాయి, ఆ సంగతి మీ డాక్టరుతో మాట్లాడండి.

“ఏసీ ఎందుకు, కూలర్ కొనుక్కో” అనేవాళ్లు ఏ ఊళ్లో ఉన్నారో చూడండి. అనంతపురం, ఆదిలాబాద్ లాంటి పొడి ఎండల్లో కిటికీ తీసి పెడితే కూలర్ నిజంగానే ఆదుకుంటుంది. బందరులో, విశాఖలో గాలే నీళ్లు మోస్తుంటుంది. అక్కడ కూలర్ ఉక్కపోతను పెంచుతుంది. వట్టి ఫ్యాను కూడా నలభై డిగ్రీల్లో వేడిగాలినే విసురుతుంది, చర్మం తడిపి దాని కింద కూర్చుంటేనే ఉపయోగం. రోహిణి ఎండలకు రోళ్లు పగిలే మన దగ్గర ఈ జబ్బున్న మనిషికి ఏసీ గదిని నేను మందుల ఖర్చులోనే రాస్తాను.

“మామిడిపండు తిన్నావు, వేడి చేసింది.” పాపం, పండుకేం సంబంధం లేదు. తినండి.

“కరెంటు పోతే ఇంజెక్షన్ డీప్ ఫ్రీజర్‌లో పెట్టేయ్.” ఇంటర్‌ఫెరాన్ లాంటివి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డకడితే ఇక పనికిరావు.

“ఆఫీసులో చెప్పకు, అలుసైపోతావు.” 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మన జబ్బు పేరు ఉంది. చల్లటి చోట సీటు అడగడానికి మొహమాటం వద్దు.

ఇక చివరిది, చూపు మసకబారగానే “జబ్బు తిరగబెట్టింది, వెంటనే స్టెరాయిడ్ ఎక్కించుకో” అనడం. ముందు నీడకు వెళ్లండి, తడిగుడ్డ వేసుకోండి, చల్లటి నీళ్లు తాగండి, జ్వరం చూసుకోండి. ఒళ్లు చల్లబడ్డాక తగ్గిపోతే అది వేడి చేసిన పని. నరానికి కొత్త దెబ్బేమీ తగల్లేదు. జ్వరం లేకుండా, చల్లటి గదిలో ఉన్నా ఇరవై నాలుగు గంటలు దాటినా తగ్గకపోతే మాత్రం న్యూరాలజిస్టుకు ఫోన్ చేయండి. ఎన్ని గంటలకు మొదలైందో కాగితం మీద రాసి పెట్టుకోండి, ఆయన మొదట అడిగేది అదే.