ఎనిమిదిలో ఆరు దొంగ ఓట్లు

మన దేశంలో సాహసం ఖరీదు బాగా పడిపోయింది. ఒకప్పుడు దానికి మంచుకొండ కావాలి, కెరటం కావాలి, కనీసం ఇంట్లో చెప్పకుండా బయల్దేరే ధైర్యమైనా కావాలి. ఇప్పుడు 2,999 రూపాయలు చాలు, డెలివరీ ఉచితం. అట్టపెట్టె మీద ఒకడు మంచుకొండ అంచు నుంచి దూకుతుంటాడు. ఇంకొకడు కెరటం కడుపులోంచి దూసుకొస్తుంటాడు. మూలన ఒక సొరచేప కూడా ఉంటుంది. పెట్టె విప్పిన కుర్రాడు మర్నాడు పొద్దున ఆ యాక్షన్ కెమెరాను హెల్మెట్‌కు బిగించుకుని కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట బయల్దేరతాడు. మూసాపేట దగ్గర ఆర్టీసీ బస్సు వెనక కదలకుండా నిలబడ్డ ఘట్టాన్ని సాంతం ఫోర్‌కేలో చిత్రీకరించుకుని వస్తాడు.

ఆ కుర్రాడితో నాకు పేచీ లేదు. ఎవరి సాహసం వాళ్లది. మూసాపేట దాటడం ఓ సాహసమా అని వెక్కిరించేవాడు పొద్దున తొమ్మిదింటికి అటు వెళ్లి ఉండడు. నా పేచీ అంతా ఆ ఫోర్‌కేతోనే.

లెక్క చూద్దాం. ఫోర్‌కే వీడియో అంటే ఒక్కో ఫ్రేములో అడ్డంగా 3,840, నిలువుగా 2,160 పిక్సెళ్లు. గుణిస్తే సుమారు 83 లక్షలు. ఫుల్ హెచ్‌డీ, అదే 1080పీ అంటే అడ్డంగా 1,920, నిలువుగా 1,080. ఇది సుమారు 21 లక్షలు. చవక కెమెరాల్లో చాలావాటికి పెట్టే సెన్సార్‌కు 83 లక్షల పిక్సెళ్లు చూసే స్తోమతే లేదు. అది నిజంగా చూసి ఇచ్చేది ఇరవయ్యో ముప్పయ్యో లక్షలు. మరి మిగిలినవి ఎక్కణ్నుంచి వచ్చాయి? లోపలున్న చిప్పు ఈ పక్క పిక్సెల్ రంగు చూసి, ఆ పక్క పిక్సెల్ రంగు చూసి, నడుమ ఏముండి ఉంటుందో ఊహించి నింపేసింది. ఇంజనీర్లు దీన్ని ఇంటర్‌పొలేషన్ అని మర్యాదగా పిలుస్తారు. మన పోలింగ్ బూత్ లెక్కలో చెప్పాలంటే, వచ్చి వేలికి సిరా పూయించుకున్నవాళ్లు ఇద్దరు, పెట్టెలో తేలిన ఓట్లు ఎనిమిది. అదనంగా తేలిన ఆరుగురూ అచ్చం ఆ ఇద్దరి పోలికే కాబట్టి ఏజెంటుకు అనుమానం రాదు.

ఈ రిగ్గింగు మొదట్నుంచీ ఉన్నది కాదు. యాక్షన్ కెమెరాకు ఆద్యుడైన గోప్రో నిక్ వుడ్‌మన్ 2004లో అమ్మిన మొదటి హీరో కెమెరాలో ఏ కే లేదు. అది మణికట్టుకు కట్టుకునే మామూలు 35 ఎంఎం ఫిల్ము కెమెరా. దాదాపు పదేళ్లు గడిచాక, గోప్రో ధర చూసి గుండె పట్టుకునేవాళ్ల కోసం చైనా నుంచి ఎస్‌జేక్యామ్ ఎస్‌జే4000 వచ్చింది. పోలికంతా గోప్రోదే, ధరలో మాత్రం పోలిక లేదు. అందులో ఆప్టినా ఏఆర్0330 సెన్సార్, నోవాటెక్ చిప్పు. పెట్టె మీద 1080పీ అని రాశారు, లోపల 1080పీయే ఉంది. ఆకారం అరువు తెచ్చుకున్నా అంకె సొంతంగా సంపాదించుకుంది. అది ఎంతగా అమ్ముడుపోయిందంటే, ఆ నకలుకే మళ్లీ నకళ్లు పుట్టాయి. ఇవాళ్టి పెట్టెలు చూస్తుంటే అదో సత్యయుగంలా అనిపిస్తుంది.

ఆ తర్వాత టీవీలు ఫోర్‌కే అయ్యాయి, ఫోన్లు ఫోర్‌కే అయ్యాయి. చవక కెమెరా మాత్రం ఏ మొహం పెట్టుకుని వెనకబడుతుంది? సెన్సార్ మార్చాలంటే ఖర్చు. స్టిక్కర్ మార్చాలంటే ఏముంది?

మీరు కోఠీలో కొన్నా, విజయవాడలో కొన్నా, ఇంట్లో కూర్చుని ఫోన్‌లో కొన్నా, అనుమానం వెలిబుచ్చారంటే జవాబు ఒకటే. ‘అన్నా, వీడియో తీసి కంప్యూటర్‌లో ప్రాపర్టీస్ చూడు. 3840 ఇంటూ 2160 అని లేకపోతే డబ్బులు వాపస్.’ చూస్తారు. నిజంగానే ఉంటుంది! ఎందుకుండదు? ఎనిమిది ఓట్లు పెట్టెలో ఉన్నాయని లెక్కపెట్టి చూపిస్తే, ఉన్నాయనేగా ఒప్పుకోవాలి. ఫైలు కొలత చెప్పేది ఫైలు కొలతే, అందులో పడ్డ బొమ్మ ఎక్కడిదో కాదు. తెలుసుకోవాలంటే ఓ సులువైన పని చేయండి. వీధి చివర చదవడానికి కొంచెం కష్టమయ్యే దుకాణం బోర్డు ఒకటి చూసుకుని, కెమెరాను కదలకుండా పెట్టి ఒకసారి 1080పీలో, ఒకసారి ఫోర్‌కేలో తీయండి. రెంటినీ కంప్యూటర్‌లో ఒకే సైజుకు పెంచి చూడండి. మొదటిదాంట్లో అలుక్కుపోయిన అక్షరాలు రెండోదాంట్లో విడివడితే మీ డబ్బులు దక్కాయి. రెంటిలోనూ ఒకేలా అలుక్కుపోయి, రెండో ఫైలు మాత్రం లావెక్కి ఉంటే, మీరు కొన్నది మెమరీ కార్డును త్వరగా నింపే యంత్రం.

ఇంకో చిన్న అంకె ఉంటుంది, దాన్ని పెట్టె మీద భూతద్దంతో వెతకాలి. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. మన ఫోర్‌కే వీరుల్లో కొందరు సెకనుకు 10, 15 ఫ్రేములకే ఆయాసపడతారు. ఎదురుగా వచ్చే ఆటో ఆ వీడియోలో రాదు, గెంతుతుంది. యాక్షన్ కెమెరాలో యాక్షన్ అంటే ఇదే కాబోలు.

యాంటీ షేక్ సంగతి ఇంతకన్నా రసవత్తరం. ఎలక్ట్రానిక్ స్టెబిలైజేషన్ సరిగ్గా జరగాలంటే కెమెరాలో గైరోస్కోప్ ఉండి, కుదుపు ఎటువైపు ఎంతో కొలవాలి. ఆ మేరకు చిప్పు ఫ్రేము అంచులు కత్తిరించి, మిగిలినదాన్ని ఎదురు దిక్కుకు జరపాలి. అంటే కత్తిరించుకోవడానికి మిగులు పిక్సెళ్లుండాలి. ఉన్నవాటినే నాలుగింతలు చేసి చూపిస్తున్న పెద్దమనిషి దగ్గర మిగులెక్కడిది? అందుకే చాలా చవక కెమెరాల్లో ఫోర్‌కే పెడితే యాంటీ షేక్ పనిచేయదు, యాంటీ షేక్ పెడితే ఫోర్‌కే ఉండదు. పెట్టె మీద మాత్రం రెండూ పక్కపక్కనే, కొత్త దంపతుల్లా నవ్వుతుంటాయి. గోప్రోకే హైపర్‌స్మూత్ అనే గట్టి స్టెబిలైజేషన్ 2018లో హీరో7 బ్లాక్‌తో గానీ రాలేదు.

ఇక ‘30 మీటర్ల వరకూ వాటర్‌ప్రూఫ్’. వాటర్‌ప్రూఫ్ అయినది కెమెరా కాదు, దానికి తొడిగే ప్లాస్టిక్ డబ్బా. నీళ్లలో పది మీటర్లు దిగిన కొద్దీ ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. ముప్పై మీటర్ల దగ్గర ఆ బరువంతా ఆపవలసినది సన్నటి రబ్బరు రింగు. దాని మీద ఒక ఇసుక రేణువు, ఒక వెంట్రుక ఉన్నా చాలు. అదృష్టవశాత్తూ మనవాళ్లలో ఎక్కువమంది బొగత జలపాతం దగ్గర మోకాలి లోతు దాటి దిగరు కాబట్టి చాలా డబ్బాల పరువు దక్కింది. అసలు కష్టం ఒడ్డు మీదే. డబ్బాలో పెడితే మైకుకు ఏమీ వినపడదు. అరకు ఘాట్ ఎక్కుతూ మీరు చేసిన వ్యాఖ్యానమంతా నుయ్యి అడుగు నుంచి ఎవరో మూలిగినట్టు రికార్డవుతుంది. డబ్బాలోంచి తీస్తే వాన, దుమ్ము. కాబట్టి వంజంగి మేఘాల దగ్గరకు వెళ్లేవాడు కెమెరా పొడిగా ఉండాలో మాట వినపడాలో కింద పాడేరులోనే తేల్చుకుని వెళ్లాలి.

పెట్టెలో వచ్చే సామాను గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. ‘ఇరవై యాక్సెసరీలు ఉచితం’ అన్నచోట కేబుల్ కట్టే ప్లాస్టిక్ పట్టీలు కూడా ఒక్కోటీ ఒక్కో యాక్సెసరీయే.

ఈ పెట్టెలకు పురోహితులున్నారు. వీళ్లు యూట్యూబులో ఉంటారు. ‘నిజాయతీగా చెప్తున్నా ఫ్రెండ్స్’ అని సంకల్పం చెప్పుకుంటారు. పన్నెండు నిమిషాల వీడియోలో పది నిమిషాలు అట్ట విప్పుతారు, ఒక్కో సామానూ బయటికి తీసి టేబుల్ మీద పేరుస్తారు. చివర్న మిట్టమధ్యాహ్నం డాబా మీద తీసిన అర నిమిషం బొమ్మ చూపిస్తారు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఏ కెమెరా అయినా బాగానే తీస్తుంది. సాయంత్రం ఆరున్నరకు వీధి దీపాల కింద తీసి చూపించమనండి. ఆపైన అందరూ కూడబలుక్కున్నట్టు ఒకటే ఫలశ్రుతి: ‘ఈ ధరకు ఇంతకన్నా ఏం కావాలి ఫ్రెండ్స్?’

నాకు ఒళ్లు మండేది ఈ మాటకే. ఈ ధరకు గొప్ప సెన్సార్ రాదు, ఒప్పుకుంటాను. రాత్రిపూట బొమ్మ గింజలు గింజలుగా వస్తుంది, ఒప్పుకుంటాను. బ్యాటరీ తొందరగా చతికిలపడుతుంది, అదీ ఒప్పుకుంటాను. కానీ ఈ ధరకు అబద్ధం కూడా రావాలని ఎవరు అడిగారు? 1080పీ అని రాయడానికి ఫోర్‌కే అని రాయడం కన్నా సిరా ఏమైనా ఎక్కువ ఖర్చవుతుందా? చవక కాబట్టి నాసిరకం అంటే సరే. చవక కాబట్టి దొంగ లెక్క అంటే, ఆ లెక్కన పేదవాడికి తూకంలో కూడా తగ్గించి ఇవ్వవచ్చు.

ఇందులో మన వాటా కూడా తక్కువేం కాదు. ఒకే షెల్ఫులో ఒకే ధరకు రెండు పెట్టెలు పెట్టండి, ఒకదాని మీద నిజమైన 1080పీ అని, రెండోదాని మీద ఫోర్‌కే అల్ట్రా హెచ్‌డీ అని. మొదటిదాని మీద దుమ్ము పడుతుంది. అది చూసిన తయారీదారు మరుసటి సరుకుకు ఏ స్టిక్కర్ కొట్టిస్తాడో వేరే చెప్పాలా? పైగా 14,999 కొట్టేసి 2,999 అని రాస్తే మనకు పన్నెండు వేలు మిగిలినట్టే లెక్క. ఆ ఎమ్మార్పీ వేసుకునేది ఎవరో కాదు, ఆ తయారీదారో దిగుమతిదారో. అంతకు మించి అమ్మకూడదని చట్టం చెబుతుంది గానీ, అంకె అంత పెద్దది ఎందుకు వేశావని అడగదు.

చట్టం మరీ నిద్రపోలేదు లెండి. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు తెచ్చింది. ప్రకటనలో ఇచ్చే వివరణ అసలు మాటను విడమరచవచ్చు గానీ, దానికి విరుద్ధంగా ఉండకూడదని వాటిలో స్పష్టంగా ఉంది. అంటే పైన బొప్పాయంత అక్షరాల్లో ఫోర్‌కే అని, అడుగున చీమ తలంత అక్షరాల్లో ‘ఇంటర్‌పొలేటెడ్’ అని వేయడం ఏ కోవలోకి వస్తుందో మీరే చూసుకోండి. 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం కింద తప్పుడు ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకూ జరిమానా వేయవచ్చు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకూ. సమీక్షల బాగోతానికీ 2022లోనే ఐఎస్ 19000 అనే ప్రమాణం వచ్చింది. అది స్వచ్ఛందం, అంటే పాటించాలనుకున్నవాళ్లు పాటిస్తారు. పెట్టెలో ‘ఐదు చుక్కలు వేస్తే క్యాష్‌బ్యాక్’ అని చీటీ పెట్టేవాళ్లు ఎటువైపో ఊహించుకోవచ్చు.

ఇంత తిట్టాక, అసలు యాక్షన్ కెమెరా ఎందుకు, ఫోనే బండికి కట్టేస్తే పోలా అంటారేమో. వద్దు. బైకు ఇంజిను కంపనం ఫోన్ కెమెరాలోని స్టెబిలైజేషన్ భాగాలను క్రమంగా దెబ్బతీయవచ్చని ఆపిల్ కంపెనీయే 2021లో హెచ్చరించింది. వెయ్యికో రెండు వేలకో కొన్న కెమెరా గుంతలో పడి పగిలితే దుఃఖం ఒక పూట. ఫోన్ పగిలితే ఈఎంఐ అయిపోయేదాకా. కాబట్టి చవక కెమెరాకు ఒక న్యాయమైన చోటు ఉంది. ఆ చోటుకు కావలసినది సెకనుకు 60 ఫ్రేముల నికరమైన 1080పీ, గైరో ఉన్న స్టెబిలైజేషన్, బయట దొరికే సైజు బ్యాటరీ. ఇంకొంచెం డబ్బు పోగయ్యేదాకా ఆగగలిగితే, పేరున్న కంపెనీది ఓ నాలుగైదు తరాల పాత కెమెరా సెకండ్‌హ్యాండ్‌లో చూసుకోండి. దానికి గీతలుంటాయి, బ్యాటరీ ఉబ్బి ఉంటే మార్చాలి. కానీ అందులోని ఫోర్‌కే సెన్సార్ తన కళ్లతో చూసిందే. కార్డు మాత్రం పెట్టెతో ఉచితంగా వచ్చినది వాడకండి. వాడక తప్పకపోతే ముందు అంచుదాకా నింపి, అన్ని ఫైళ్లూ తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి. కార్డుల్లోనూ దొంగ ఓట్లున్నాయి.

కొనే ముందు అమ్మేవాణ్ని ఒక్కటే అడగండి, సెన్సార్ నంబరెంత అని. ‘సోనీ సెన్సార్ అన్నా’ అంటే సరిపోదు. సోనీకి సెన్సార్లు బోలెడు, ప్రతిదానికీ ఒక నంబరుంటుంది. ఆ నంబరుతో వెతికితే అది నిజంగా ఎన్ని పిక్సెళ్లు చూస్తుందో తెలుస్తుంది. 83 లక్షలకు తక్కువైతే ఆ పెట్టె మీద ఫోర్‌కే అబద్ధం. అప్పటికే కొనేసి ఉంటే, పెట్టె ఫొటో, బిల్లు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడవచ్చు.