కారు బీమా అంచనా: రఘునాథపల్లి సంప్రదాయం

కొత్తగా డ్రైవింగ్ లైసెన్సు తెచ్చుకున్నవాడు కారు బీమాకు ఏటా ఎంతవుతుందో ముందే లెక్కగట్టుకునే విద్యలో లోకంలో ఎన్ని పద్ధతులున్నా, 163వ నంబరు జాతీయ రహదారి మీద జనగామకూ స్టేషన్ ఘన్‌పూర్‌కూ నడుమ ఉన్న రఘునాథపల్లిలో వర్ధిల్లుతున్న పద్ధతికి సాటి వచ్చేది కనిపించదు. ఈ పద్ధతికి ఇంజను సామర్థ్యం, బండి వయసు, రిజిస్ట్రేషన్ జరిగిన చోటు వంటి వివరాలతో పనిలేదు. కారు రంగు ఏమిటో, బావమరిది పోయినేడు ఎంత కట్టాడో తెలిస్తే చాలు, చాయ్ చల్లారకముందే "ఇరవై వేలైతది తమ్మీ, అంతకు మించి అడిగితే కట్టకు" అన్న తీర్పు వెలువడుతుంది. అంకె ఎప్పుడూ గుండు సున్నాలతోనే ఉంటుంది. వందలూ పదులూ సహా చెప్పినవాడిని ఏజెంటేమోనని అనుమానిస్తారు. బావమరిది కట్టింది ఏడేళ్ల నాటి వ్యాగనార్‌కనీ, తమ్ముడు కొనబోయేది కొత్త క్రెటా అనీ ఎవరైనా గుర్తుచేస్తే, కారంటే కారే కదా అన్న సూత్రంతో ఆ అభ్యంతరం అక్కడికక్కడే వీగిపోతుంది.

ఈ సంప్రదాయాన్ని మరీ తప్పుపట్టడం న్యాయం కాదు, ఎందుకంటే నడిపేవాడికి నడపడం వచ్చా అని అడగకపోవడంలో ఊరి పెద్దలదీ దేశపు చట్టానిదీ ఒకటే మాట. మోటారు వాహనాల చట్టం, 1988లోని 146వ సెక్షన్ ప్రకారం రోడ్డెక్కే బండికి థర్డ్ పార్టీ బీమా, అంటే ఆ బండి వల్ల ఎదుటివారికి కలిగే ప్రాణనష్టానికీ గాయాలకూ ఆస్తినష్టానికీ పరిహారమిచ్చే బీమా, ఉండి తీరాలి. దాని ధర మాత్రం ఇంజను సీసీలను బట్టి ఉంటుంది. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం సొంత కారుకు 1000 సీసీ వరకు ఏడాదికి 2,094 రూపాయలు, 1500 సీసీ వరకు 3,416, ఆపైన 7,897. వీటిపై 18 శాతం జీఎస్టీ అదనం. ముప్పై ఏళ్లుగా గీత పడకుండా నడిపినవాడికీ, క్లచ్చేదో బ్రేకేదో ఇంకా కాళ్లతో వెతుక్కుంటున్నవాడికీ ఒకటే ధర. అదే 1988లో కాలిఫోర్నియా ఓటర్లు ఆమోదించిన 103వ ప్రతిపాదన డ్రైవింగ్ చరిత్రను, ఏటా తిరిగే మైళ్లను, అనుభవ సంవత్సరాలను ఆ వరుసలోనే కారు బీమా ధరకు ప్రాతిపదికలుగా నిలిపింది. అక్కడికి చదువుకు వెళ్లిన కుర్రవాడు కొత్త డ్రైవరైన పాపానికి నెలనెలా ఎంత కడుతున్నాడో ఫోనులో చెబితే, "గన్ని పైసలా? గా పైసలకు ఈడ సెకండ్ హ్యాండ్ బండే వస్తది గదరా" అని తండ్రి నిట్టూరుస్తాడు.

అంచనా విద్యకు అసలు రంగస్థలం ఓన్ డ్యామేజి బీమా, అంటే సొంత కారుకు జరిగే నష్టాన్ని పూడ్చే భాగం. దీనికి కీలకం ఐడీవీ, అనగా కారు దొంగలపాలైనా తుక్కు తుక్కయినా కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం. ఆరు లక్షల కారుకు మూడో ఏడు నడుస్తుంటే 30 శాతం తరుగు పోగా ఐడీవీ 4,20,000 ఉండాలి. దాన్ని 3,50,000కు దించి, నూటికి మూడు రూపాయల రేటయితే, 2,100 మిగుల్చుకున్నవాడు ఊళ్లో లెక్కల మాస్టారి హోదా పొందుతాడు. కారు పోయిననాడు అదే లెక్క 70,000 తక్కువిస్తుందన్న సంగతి సిలబస్‌లో లేదు. (ఓన్ డ్యామేజి రేటుకు హైదరాబాద్ సహా ఎనిమిది నగరాలు జోన్-ఏ, తక్కినవన్నీ జోన్-బీ అన్న పాత విభజన ఇప్పటికీ చలామణిలో ఉండటంతో, రోజూ ఉప్పల్ ట్రాఫిక్‌లో నలిగే కారైనా జనగామలో రిజిస్టరైందన్న పుణ్యానికి పల్లెటూరి రాయితీ పొందుతుంది.)

"ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది, ఫికర్ లేదు" అన్న ధీమాకు పరీక్ష సాధారణంగా బంపరు దగ్గర ఎదురవుతుంది. ఫాస్టాగ్‌లో డబ్బుల్లేక కోమళ్ల టోల్‌గేటు వద్ద కొత్త చోదకుడు కారును వెనక్కు తీయబోయి సిమెంటు దిమ్మెకు కొట్టాడనుకుంటే, 8,000 రూపాయల ప్లాస్టిక్ బంపరులో సగం తరుగు కింద పోతుంది, తప్పనిసరి కోత కింద మరో వెయ్యి పోతుంది, చేతికొచ్చేది 3,000. తరుగు కోయకుండా ఉండాలంటే జీరో డెప్ అనే అదనపు రక్షణ కొనాలి, కానీ దాన్ని "ఫాల్తు ఖర్చు" అని తీసేయించిందీ ఊరి అంచనాయే. పైగా ఆ మూడు వేల కోసం నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము చేయని ఏళ్లకు 20 శాతం నుంచి 50 శాతం దాకా పెరుగుతూ వచ్చే తగ్గింపు, సున్నాకు పడిపోతుంది.

పాత కారు కొనేవాడికి "ఇన్సూరెన్స్ ఉంది" అన్న అమ్మకందారు మాటే పాలసీ. నో క్లెయిమ్ బోనస్ మనిషిదే తప్ప బండిది కాదు గనుక అమ్మినవాడితోనే పోతుందనీ, 14 రోజుల్లోగా బీమాను తన పేరిట బదిలీ చేయించుకోకపోతే సొంత నష్టానికి దిక్కుండదనీ అతడికి ప్రమాదం జరిగాకే తెలుస్తుంది.

వీరందరినీ మించినవాడు జరిమానా పండితుడు. బీమా లేకుండా మొదటిసారి పట్టుబడితే 2,000, 1500 సీసీ వరకున్న కారుకు జీఎస్టీతో కలిపి థర్డ్ పార్టీ ప్రీమియం 4,031, కాబట్టి కట్టకపోవడమే లాభమన్నది ఇతడి సిద్ధాంతం. ఆ జరిమానా ఉన్న సెక్షన్‌లోనే మూడు నెలల దాకా జైలు ఉన్నదనీ, రెండోసారి జరిమానా రెట్టింపనీ, మనిషికి తగిలితే ట్రైబ్యునల్ నిర్ణయించే పరిహారమంతా యజమాని మెడకే చుట్టుకుంటుందనీ ఈ తీసివేతలో కలవవు.

అమ్మేటప్పుడు అడగని లైసెన్సును కంపెనీ క్లెయిమప్పుడు మొట్టమొదట అడుగుతుంది. లెర్నర్ లైసెన్సుతో, పక్కన లైసెన్సున్న శిక్షకుడు లేకుండా నడిపినవాడికి అప్పుడు సమాధానముండదు. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాన్ని బట్టి, యజమాని వైపు నుంచి లైసెన్సు షరతుల ఉల్లంఘన రుజువైతే బీమా కంపెనీ బాధితులకు ముందు పరిహారం చెల్లించి, తర్వాత యజమాని నుంచి భూమిశిస్తు బకాయిల మాదిరిగా కలెక్టరు ద్వారా రాబట్టుకోవచ్చు. ఆ వసూలుకు జోన్-బీ రాయితీ వర్తించదు.