చర్మ రాష్ట్రానికి ముఖమే రాజధాని

నగరంలో పెద్ద పేరున్న ఆ స్కిన్ క్లినిక్ వారి ప్రకటన మీరూ చూసే ఉంటారు. ఇకపై ముఖం, జుట్టు సేవలు మాత్రమేనట. చర్మవ్యాధుల ఓపీ ఎత్తేశారట. అందరూ తిట్టిపోస్తున్నారు గానీ నాకు మాత్రం ఇందులో గొప్ప పరిపాలనా దక్షత కనబడింది. చర్మం కూడా ఒక రాష్ట్రమే కదా! రాష్ట్రమన్నాక రాజధాని ఉండాలి, నిధులన్నీ దానికే పోవాలి. ముఖమే ఆ రాజధాని. తక్కిన ఒళ్లంతా జిల్లాలు.

రాజధాని వైభవం చూడండి. నుదుటి మీది ముడతలను బొటాక్సుతో చదును చేస్తారు. గుంటలు పడ్డ బుగ్గలను ఫిల్లర్లతో పూడుస్తారు. ముహూర్తాలు దగ్గరపడితే సుందరీకరణ ప్యాకేజీ, తెల్లబడాలని చేతికి గ్లూటాథయోన్ సెలైను. మెడ దగ్గరికొచ్చేసరికి నగరపాలక సంస్థ పరిధి అయిపోతుంది. అందుకే పెళ్లి ఫొటోల్లో రాజధానిది ఒక రంగు, శివార్లది ఇంకో రంగు.

మెడ దిగితే జిల్లాలే. వీపు సొంతదారుకే కనబడదు గనక దానికి బడ్జెట్ అడిగే దిక్కులేదు. గజ్జలు సరిహద్దు మండలం, అక్కడ ప్రభుత్వమంటే మెడికల్ షాపు కుర్రాడే. తామర అనగానే స్టెరాయిడ్ కలిసిన ట్యూబు చేతిలో పెడతాడు. వారంలో శాంతిభద్రతలు అదుపులోకి వస్తాయి. ట్యూబు అయిపోగానే తామర రెట్టింపు బలగంతో తొడల మీదికి పాకి పక్క మండలాలనూ కలిపేసుకుంటుంది. స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మొద్దని కేంద్రం 2018లో గెజిట్ ఇచ్చింది. సరిహద్దు మండలాలకు గెజిట్లు చేరవు.

ఇంతకీ రాజధాని విస్తీర్ణమెంత? కాలిన గాయాల వార్డులో డాక్టర్లు వేసే లెక్క ఒకటుంది. ఒంటి మీది చర్మంలో తలా మెడా కలిపి 9 శాతం, ఒక్కో కాలూ 18 శాతం. రెండు కాళ్లూ కలిస్తే తలకు నాలుగింతలు. అయినా కాళ్లకు మంత్రివర్గంలో చోటు లేదు. అందులోనూ అరికాలు మరీ మారుమూల ఏజెన్సీ, సెల్ఫీలో కూడా పడదు. పుట్టిన దగ్గర్నుంచీ రాష్ట్రాన్నంతా మోసేది మాత్రం అదే.

మొన్న ఆ ఏజెన్సీ నుంచి ఒక అర్జీదారు రాజధానికి వచ్చాడు. అరవై దాటిన రైతు. మడమ కింద నల్లమచ్చ, అంచులు వంకరటింకర, నడుమ మానని పుండు. ముల్లు విరిగిందనుకుని ఇంట్లోవాళ్లు జిల్లేడు పాలు పోశారు. ఆనెకాయ అని ఊళ్లో ఒకాయన బ్లేడుతో చెక్కాడు. క్లినిక్‌లో కౌంటరు అమ్మాయి అతను చెప్పు విప్పకముందే చెప్పేసింది: "అంకుల్, ఇక్కడ ఫేస్ మాత్రమే చూస్తారు."

ఇక వెటకారం నావల్ల కాదు. మెలనోమా అనే చర్మ కాన్సర్ మనలాంటి రంగువాళ్లకు అరుదే. వచ్చినప్పుడు మాత్రం ఎక్కువగా అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కింద వస్తుంది. గాయకుడు బాబ్ మార్లీకి కాలి బొటనవేలి గోటి కింద వచ్చింది. ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు. 1981లో 36 ఏళ్లకే పోయాడు. తొలిదశలో కోసి తీసేస్తే మనిషి బతికి బట్టకడతాడు. గజ్జల్లో బిళ్లలు కట్టాక చేయగలిగేది తక్కువ. ఆ మచ్చను అనుమానించడానికి లేజర్ యంత్రం అక్కర్లేదయ్యా, వంగి చూడాలి. అంత పెద్ద అద్దాల హాల్లో ఒక్కరూ వంగలేదు.

చర్మ డాక్టర్లూ, మీరు చదివిన ఎండీ పేరు డీవీఎల్. చివరి అక్షరం లెప్రసీది. 2023లో కూడా ఈ దేశంలో లక్షకు పైగా కొత్త కుష్ఠు కేసులు బయటపడ్డాయి. స్పర్శ తెలియని మచ్చను అందరికంటే ముందు పట్టుకోవాల్సింది మీరు. ధర్మాసుపత్రి ఓపీల్లో వరస కట్టిన పేదల పుండ్ల మీద పాఠాలు నేర్చుకుని, సొంత బోర్డు రాయించేటప్పుడు ఆ పేదల్నే కొట్టేశారు. రోగాలు చూడనివాళ్లకు పేరు ముందు డాక్టరెందుకు? చెరిపేసి పార్లర్ అని రాయించుకోండి. కాదు, అదీ మీకు తగదు. మా వీధి పార్లర్ అమ్మాయి పెడిక్యూర్ అడిగితే పీట వేసుకుని కూర్చుని, కస్టమర్ కాలు ఒళ్లో పెట్టుకుని అరికాలంతా చూస్తుంది.