ఏరు ఎండినప్పుడు వచ్చే నేతాజీ

ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అని మనకో సామెత ఉంది. ఓట్లడిగే పెద్దమనుషుల మాట వస్తే చాలు, అందరూ ముందు దీన్నే బయటికి తీస్తారు. బస్తర్ లోక్‌సభ స్థానానికి నిలబడే పెద్దమనిషికి మాత్రం ఇది అతకదు. ఆయన అసలు ఏరే దాటడు. ఓడ ఎక్కనివాడికి మల్లన్నతో పనేముంది? అందుకని అవతలి గట్టు మల్లన్న ఒక్క పూటైనా ఓడ మల్లన్న అనిపించుకోకుండానే బోడి మల్లన్న అయిపోయాడు. ఛత్తీస్‌గఢ్‌లో చోటామోటా నాయకులందరినీ నేతాజీ అనే పిలుస్తారు (బోసుగారు మన్నించాలి). మనమూ అలాగే అందాం. ఈ నేతాజీ ఫలానా పార్టీ మనిషి కాడు. నామినేషన్ రోజు నుంచి పోలింగు దాకా ఏ జెండా కిందనైనా మొలిచే రకం. దీవుల్లాంటి ఆ అవతలి గట్టు ఊళ్ళు బాగా దూరమని ఆయన అంటాడు. ఊళ్ళు ఉన్నచోటే ఉన్నాయి, దూరంగా ఉన్నది ఆయనేనని నేనంటాను.

సముద్రం ఎక్కడో విశాఖలో ఉంటే బస్తర్‌లో దీవులేమిటని అడగొచ్చు. అవి ఇంద్రావతి చేసే దీవులు. ఒడిశాలో కలహండి కొండల్లో పుట్టి, నగర్‌నార్ ఉన్న తూర్పు అంచున బస్తర్‌లో అడుగుపెట్టి, చిత్రకోట్ దగ్గర దూకి, అబూజ్‌మాడ్ కొండల్ని ఒరుసుకుంటూ బీజాపూర్ జిల్లా దాటి, భద్రకాళి దగ్గర గోదావరిలో కలుస్తుంది ఆ నది. వానలు పట్టాయంటే అవతలి గట్టు ఊళ్ళకు ఇవతలి గట్టు పరాయి దేశం. రేషన్ బియ్యం మూడు నాలుగు నెలలకు సరిపడా ముందే దింపేస్తారు. సంతకైనా, పురుటి నొప్పులకైనా దుంగ తొలిచిన పడవే గతి. మన గోదావరి లంకల వాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఇక ఎన్నికల తేదీలు చూడండి. బస్తర్‌లో పోలింగు 2009లో ఏప్రిల్ 16న, 2014లో ఏప్రిల్ 10న, 2019లో ఏప్రిల్ 11న, 2024లో ఏప్రిల్ 19న జరిగింది. నదేమో జూలై, ఆగస్టుల్లో వస్తుంది. నాలుగు ఎన్నికలు గడిచినా నేతాజీకీ ఇంద్రావతికీ ముఖపరిచయం కాలేదు. ఆయన వచ్చేవేళకి అక్కడ మోకాలి లోతు నీళ్ళు, బోలెడంత ఇసుక మేట. ఆ ఇసుకలోనే షామియానా వేయించి, నిలువునా మునిగిపోయే చోట పొడికాళ్ళతో నిలబడి, వంతెన కట్టిస్తానని మాటిస్తాడు.

ఆ ఇసుక మేట మీద ఆయన్ని కాస్త దగ్గరగా చూడాలి. ఖద్దరు చొక్కా, దాని మీద నడుముకు చుట్టిన ఎర్రంచు తువ్వాలు. ‘జోహార్’ అన్నంతవరకే స్థానిక భాష, ఆ తర్వాతంతా హిందీ. నగర్‌నార్ వైపు భత్రీ, హల్బీ, నారాయణ్‌పూర్‌లో గోండి, కోంటాకి వస్తే దోర్లీ, తెలుగు. ఇన్ని భాషలకు ఒక్క జోహార్‌తోనే సరిపెడతాడు. ఇంతలో కుర్రాళ్ళు అడవిదున్న కొమ్ముల కిరీటం తెచ్చి నెత్తిన పెడతారు. మారియా గిరిజనులు నాట్యానికి కట్టుకునే ఆ కిరీటానికి ముందు గవ్వల దండలు వేలాడుతుంటాయి. అవి ముఖాన్ని పూర్తిగా కప్పేస్తాయి. కట్టుకున్న మనిషి కనిపించకపోవడమే దాని అందం. ఫొటోగ్రాఫర్‌కి అక్కడే చిక్కొస్తుంది. కిరీటమూ కావాలి, ముఖమూ కావాలి. కాబట్టి ఒక కార్యకర్త పక్కన నిలబడి గవ్వల దండల్ని పెళ్ళికూతురి మేలిముసుగులా ఎత్తి పట్టుకుంటాడు. నేతాజీ డోలు మీద రెండు దెబ్బలు వేస్తాడు. మూడో దెబ్బకి ఫొటో అయిపోతుంది, డోలు సొంతదారు చేతికి తిరిగి వెళ్తుంది. మర్నాడు రాయ్‌పూర్ పత్రికల్లో ‘దుర్గమ ప్రాంతంలో సుడిగాలి పర్యటన’ అని వస్తుంది. కార్లు మాత్రం ఇవతలి గట్టు తారు రోడ్డు దిగి ఉండవు.

దుర్గమం అన్న మాట మీదే నా తగువు. బైలదిల్లా కొండలు కూడా ఆ అడవుల్లోనే ఉన్నాయి. అక్కడి ఇనప రాయి కోసం 1960ల్లోనే తూర్పు కనుమల్ని తొలిచి, సొరంగాల మీద సొరంగాలు వేసి, కిరండూల్ నుంచి కొత్తవలస దాకా రైలు మార్గం పరిచారు. ఆ రాయి విశాఖ రేవు చేరి, ఓడెక్కి జపాన్ ఉక్కు మిల్లులకు వెళ్ళింది. దాన్ని తవ్వే ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం మన హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోనే ఉంది. అంటే బస్తర్ రాయికి టోక్యో దగ్గర, హైదరాబాద్ ఇంకా దగ్గర. చింతపండుకీ తునికాకుకీ బేరగాళ్ళు కొండలెక్కి వెళ్తారు. చివరికి ఓటింగ్ యంత్రం కూడా వెళ్తుంది. ఓటరు రెండు కిలోమీటర్లకు మించి నడవకూడదన్నది ఎన్నికల సంఘం నియమం. దానికోసం సిబ్బందిని హెలికాప్టర్లలో దించుతారు. 2024లో బస్తర్ స్థానంలో 56 గ్రామాల వాళ్ళు మొదటిసారి తమ ఊళ్ళోనే పెట్టిన బూత్‌లో ఓటేశారు. అదే రోజు గ్రేట్ నికోబార్ అడవుల్లో షోంపెన్ తెగవాళ్ళు ఏడుగురు తొలిసారి వేలికి సిరా పూయించుకున్నారు. రాయి బయటికి వస్తుంది, పెట్టె లోపలికి వెళ్తుంది. మధ్యలో నేతాజీకి ఒక్కడికే దారి దొరకదు.

ప్రాణభయం సంగతేమిటని గట్టిగానే అడుగుతారు. అడగాల్సిన మాటే, ఇందులో నవ్వడానికేమీ లేదు. 2013 మే 25న ఝీరం లోయలో మహేంద్ర కర్మ సహా ఎందరో కాంగ్రెస్ నాయకుల్ని మావోయిస్టులు చంపారు. 2019లో పోలింగుకు రెండు రోజుల ముందు, ఏప్రిల్ 9న, దంతేవాడ భాజపా ఎమ్మెల్యే భీమా మండావి ప్రచారం ముగించుకుని వస్తూ మందుపాతరకు బలయ్యాడు. వెళ్ళినవాళ్ళు వెళ్ళారు, మూల్యం చెల్లించారు. మన నేతాజీ ఆ జాబితాలోని మనిషి కాడు, దాన్ని చూపించి ఇంట్లో కూర్చునే మనిషి. ప్రమాదమే కారణమైతే ప్రమాదం లేనిచోట ఆయన దగ్గరివాడు కావాలి కదా. నగర్‌నార్ తీసుకోండి. జగ్దల్‌పూర్‌కు పదహారు కిలోమీటర్లు, నున్నటి రోడ్డు, నదికి ఇవతలే. ఏటా 30 లక్షల టన్నుల సామర్థ్యమున్న ఉక్కు కర్మాగారం అక్కడే లేచింది. 2023 ఆగస్టులో తొలి ఉక్కు కాయిల్ బయటికొచ్చింది. అదీ ఒక దీవే, కాకపోతే చుట్టూ నీళ్ళకు బదులు ప్రహరీ గోడ. లోపల కాలనీ, వీధి దీపాలు, బయట భూములిచ్చిన ఊళ్ళు. నేతాజీ ఈ గోడనూ దాటడు. గేటు ముందు షిఫ్టు మారే వేళకి మైకు పట్టుకుని, స్థానికులకే ఉద్యోగాలని, కర్మాగారాన్ని ప్రైవేటుకు పోనివ్వనని గర్జిస్తాడు. అమ్మకానికి 2020 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం సూత్రప్రాయంగా ఆమోదం ఇచ్చింది. 2023 అక్టోబరు 3న ప్రధాని వచ్చి కర్మాగారాన్ని జాతికి అంకితం చేసిన రోజునే, ప్రైవేటీకరణ వద్దంటూ కాంగ్రెస్ బస్తర్ బంద్ చేసింది. దీని యజమానులు బస్తర్ ప్రజలేనని ప్రధాని ఆ రోజు సభలో భరోసా ఇచ్చారు. రెండు వైపులా కాపలాదార్లే. మరి దొంగ ఎటునుంచి వస్తాడో నగర్‌నార్ జనానికి ఇప్పటికీ అంతుపట్టలేదు.

అసలు అది గిరిజనులకు కేటాయించిన సీటు, అభ్యర్థి వాళ్ళవాడే, దూరమెలా అవుతాడని ఇంకొకరి ప్రశ్న. 1952లో అక్కడ గెలిచిన ముచాకి కోసా, మహారాజా ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్ అండతో నిలబడిన స్వతంత్రుడు, అచ్చంగా ఆ మట్టి మనిషి. కాని రిజర్వేషన్ పుట్టుకకే గాని కాపురానికి లేదు. మొదటి గెలుపుకి జగ్దల్‌పూర్‌లో ఇల్లు లేస్తుంది, రెండో గెలుపుకి రాయ్‌పూర్‌లో. ఆ తర్వాత అత్తవారిల్లు చూడ్డానికి కూడా కాన్వాయ్ కావాలి.

లెక్క చూపించేవాళ్ళతోనే వాదన కష్టం. ఎనిమిది అసెంబ్లీ సెగ్మెంట్లు, 14 లక్షల పైచిలుకు ఓటర్లు, ఖర్చు పరిమితి 95 లక్షలు. అంటే ఓటరుకు ఆరున్నర రూపాయలు. ఆ డబ్బుతో టీ కూడా రాదు, పడవెక్కడ వస్తుంది? పైగా అవతల ఉన్నవి గుప్పెడు ఓట్లు. 2024లో గెలుపు తేడా 55 వేలు దాటింది, ఆ గుప్పెడు అందులో ఏమూలకి? నిజమే. కాని లెక్కే ప్రమాణమైతే లక్షద్వీప్ చూడండి. 1967 నుంచి వరసగా పదిసార్లు గెలిచిన పి.ఎం. సయీద్ 2004లో 71 ఓట్లతో ఓడిపోయాడు. అక్కడ దీవులు తప్ప ఇంకేమీ లేవు కాబట్టి ఎవరైనా ఓడెక్కాల్సిందే, మల్లన్నకు దండం పెట్టాల్సిందే. బస్తర్‌లో దీవులు కొన్నే కాబట్టి అవి ఓట్లుగా కాక ఫొటో వెనక తెరగా పనికొస్తాయి. అవతలి ఓటరుకు విలువ లేదని కాదు, ఆ విలువ రాయ్‌పూర్ పత్రికలో కనబడుతుంది గాని పెట్టెలో కనబడదు.

వంతెనలు పడుతూనే ఉన్నాయిగా అంటారు. పడుతున్నాయి. ఛింద్‌నార్ దగ్గర ఇంద్రావతి మీద వచ్చింది. పక్కనే ఒడిశాలో బలిమెల జలాశయం మల్కన్‌గిరి జిల్లాలో 151 ఊళ్ళను దశాబ్దాల పాటు నీళ్ళ మధ్య బంధిస్తే, మనవాళ్ళు కూడా కటాఫ్ ఏరియా అనే పిలిచే ఆ చోటికి 2018 జూలైలో 910 మీటర్ల గురుప్రియ సేతువు తెరిచారు. అన్నేళ్ళూ, ఆ ఊళ్ళున్న నబరంగ్‌పూర్ స్థానానికి నిలబడ్డ ప్రతి నేతాజీకీ అదొక్క హామీయే ముందుమాట, అదే ముగింపు. సేతువు పడ్డాక కొత్త ఉపన్యాసం రాయించుకోవాల్సి వచ్చి ఉంటుంది, పాపం.

బస్తర్ నేతాజీకి ఆ కష్టం తెలుసు. ఫలితాలొచ్చాక బూత్‌లవారీ లెక్క, ఫారం 20, ఆయన బల్ల మీదికి వస్తుంది. నియోజకవర్గంలో ఆయన మొదటినుంచి చివరిదాకా చూసేది ఆ కాగితాల్లోనే. ఒక బూత్ దగ్గర వేలు ఆగుతుంది. ఇక్కడ మనకి మరీ ఇన్ని తక్కువేమిటి, వచ్చేసారి ముందే వెళ్ళాలి, అదే ఇసుకలో పెద్ద సభ పెట్టించండి అంటాడు. వచ్చేసారికి అక్కడ వంతెన అయిపోతుందట నేతాజీ అంటాడు పీఏ. అలాగా, అయితే వంతెన లేని ఊరేదైనా చూడండి అంటాడాయన.