మిషన్‌కు మర్యాద ఎక్కువ!

కామెంట్లల్ల బూతులు, ఫోన్ నంబర్లు పట్టి ఆపే మిషన్లు వచ్చినయి. సంతోషం. గని కరీంనగర్ దోస్తు ప్రేమతోని "ఏం రా, సచ్చినవా బతికినవా, మొఖమే కనవడ్తలేదు" అని రాస్తే మిషన్‌కు అది బెదిరింపు లెక్క కొడ్తది! అసలు బూతును ఇంగ్లిష్ అక్షరాలల్ల, నడుమ చుక్కవెట్టి రాస్తే రైట్ రైట్. ఆదిలాబాద్‌ల ఎవలన్న గోండిల రాస్తే, దీవెనో తిట్టో దానికి ఎర్కనే ఉండదు.

పది అంకెలు కనవడితే మాత్రం ఉలిక్కిపడి చెరిపేస్తది. మరి 2024 జనవరిల సర్కారు పథకాల కోసం జనం ఇచ్చిన ప్రజాపాలన దరఖాస్తులు, పేర్లు, ఫోన్ నంబర్లతో సహా, హైదరాబాద్ బాలానగర్ ఫ్లైఓవర్ మీద అట్టపెట్టెలకెళ్లి పడి చెల్లాచెదురైనయి గదా? వాటిని చెరిపే మిషన్ ఏది? సర్కారు సార్లూ, ముందుగాల మీ అట్టపెట్టెలు గట్టిగ కట్టుండ్రి.