ఎడమ మలుపు: ఒక బుల్లెట్ ఆత్మకథ

నేను బుల్లెట్‌ని. ఒకే సిలిండరు, 346 సీసీ. బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90. మా పేరు పుట్టింది ఇంగ్లండులోని రెడ్డిచ్ ఊళ్ళో, 1930లలో. మన సైన్యానికి సరిహద్దుల్లో తిరగడానికి గట్టి మోటారుసైకిలు కావలసి వచ్చింది. అలా 1955లో మద్రాసులో కంపెనీ వెలిసింది, మా వంశం ఈ నేలకు వచ్చింది. ఇంగ్లండులో మా పుట్టిల్లు 1970కల్లా మూతపడింది. మద్రాసు శివార్లలోని తిరువొత్తియూరులో మాత్రం మా తయారీ ఆగలేదు. 1984లో అక్కడ పుట్టి, లారీ మీద గోదావరి దాటి వచ్చాను.

నన్ను కొన్నాయన నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర మూడు డెల్టాలకు నీళ్ళు విడిపోతాయి. తూర్పు డెల్టాకు ధవళేశ్వరం నుంచి, మధ్య డెల్టాకు బొబ్బర్లంక నుంచి, పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరం నుంచి. మా ఆయనది మధ్య డెల్టా. బొబ్బర్లంక నుంచి ఆత్రేయపురం మీదుగా లొల్ల లాకుల దాకా, అక్కడ చీలే కాలవల గట్ల వెంట కోనసీమ లోపలికి తిరగడమే మా పని. గండి ఎక్కడ పడేలా ఉంది, తూటికాడ ఎక్కడ పేరుకుంది, లాకు తలుపు ఎక్కడ బిగుసుకుంది, చూసి రావాలి.

1986 ఆగస్టు వరద చూశాను. ఆనకట్ట మీదుగా 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్ళు దాటిన రోజులవి. ఏటిగట్ల మీద రాత్రంతా గస్తీ. ఇసక బస్తాలు ఎక్కడ కావాలో కబురు మోసింది నేనే. ఆ రాత్రుల్లో ఒక్కసారైనా ఆగానంటే గట్టు అవతల ఊరికి కబురు చేరదు. అందుకే మా ఆయనకు నా మీద అంత నమ్మకం. కొన్నేళ్ళకు ఆ నమ్మకానికే పరీక్ష వచ్చింది. నేను మిస్సవడం మొదలుపెట్టాను.

అది అర్థం కావాలంటే నా లోపల జరిగేది కాస్త చెప్పాలి. నా ఇంజను రెండు చుట్లు తిరిగితే సిలిండరులో ఒక్కసారి నిప్పురవ్వ పడాలి. నిమిషానికి 3000 చుట్లు తిరిగితే సెకనుకు 25 రవ్వలు. బ్యాటరీలోంచి బయల్దేరిన కరెంటు అమ్మీటరు, తాళం స్విచ్చి దాటి కాయిల్‌లోకి వెళ్తుంది. ప్లాటినం పాయింట్లు మూసుకున్నంతసేపూ కాయిల్‌లో అయస్కాంత బలం నిండుతుంది. పాయింట్లు విడిపోగానే ఆ బలం ఒక్కసారిగా కూలి, కొద్దిపాటి వోల్టేజీ వేల వోల్టులై ప్లగ్గు కొన దగ్గర రవ్వగా దూకుతుంది. పాయింట్లు కాలిపోకుండా పక్కనే కండెన్సర్ కాపు కాస్తుంది. అమెరికాలో ఛార్లెస్ కెట్టరింగ్ 1910 ప్రాంతంలో కార్ల కోసం రూపొందించిన పద్ధతి ఇది. ఈ దారిలో ఎక్కడ రవంత ఎడం వచ్చినా రవ్వ పడదు. పేలాల్సిన గ్యాసు కాలకుండానే సైలెన్సరులోకి పోతుంది. తర్వాత రవ్వ పడగానే అక్కడ అంటుకుని ‘ఢబ్’ మంటుంది.

నాకు వచ్చింది ఆ జబ్బే. ఎప్పుడూ ఉంటే ఎవరైనా పట్టేవారు. అది చలిజ్వరంలా వచ్చి పోయేది. గట్టు మీద వెళ్తూ వెళ్తూ ఒక్క క్షణం శక్తి పోయేది, ‘ఢబ్’ మనేది, మళ్ళీ మామూలే. షెడ్డుకు తీసుకెళ్తే గడియారంలా నడిచేదాన్ని.

ధనుర్మాసం మంచులో మొదలైంది గనక అందరూ చెమ్మ అన్నారు. ప్లగ్గు మార్చారు, క్యాప్ మీద ప్లాస్టిక్ కాగితం చుట్టారు. కొన్నాళ్ళు బాగున్నాను, మళ్ళీ వచ్చింది. పెట్రోల్లో నీళ్ళన్నారు. ట్యాంకు దింపి కడిగారు, కార్బొరేటర్ విప్పి జెట్లు ఊదారు. కొన్నాళ్ళు బాగున్నాను, మళ్ళీ వచ్చింది. కండెన్సర్ మార్చారు, ఆఖరికి కాయిల్ కూడా మార్చారు. మార్చిన ప్రతిసారీ ‘ఇక తగ్గింది’ అన్నారు. అది తగ్గడం కాదని నాకు మాత్రమే తెలుసు, చెప్పే నోరు లేదు. ట్యాంకు దింపినప్పుడల్లా దాని కింద వైర్లు అటూ ఇటూ కదిలేవి. విడిపోయినవి తాత్కాలికంగా మళ్ళీ తాకేవి. ఆ పేరు కొత్త సామానుకు దక్కేది.

ఏప్రిల్ వచ్చింది. కాలవలు కట్టేశారు. గట్లు ఎండి దుమ్ము లేస్తున్నాయి, అయినా మిస్సవుతూనే ఉన్నాను. చెమ్మ కాదని దాంతో తేలిపోయింది. మళ్ళీ నీళ్ళు వదిలేది జూన్‌లో, వెనకే వరదల కాలం. ఈలోగా సంగతి తేల్చాలని మా ఆయన నన్ను రావులపాలెంలో ఒక పెద్ద మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళారు.

మేస్త్రి స్పానరు పట్టలేదు. మా ఆయన్ని బల్ల మీద కూర్చోబెట్టి టీ చెప్పించి అడగడం మొదలెట్టాడు.

“ఎప్పుడు మిస్సవుతుందండి?”

“ఎప్పుడని చెప్పను మేస్త్రీ, దానికి బుద్ధి పుట్టినప్పుడు.”

“బండికి బుద్ధి పుట్టడవేంటండి. కారణం ఉంటాదండి. వేడెక్కాకా, స్టార్టు చేయగానేనా?”

“రెండుసార్లూ అయింది.”

“అయితే కండెన్సర్ కాదండి. అది వేడికి చెడి, చల్లబడితే బాగుపడతాది. పోనీ, మెల్లగా శక్తి తగ్గి ఆగుద్దా, టక్కున పోద్దా?”

“టక్కున పోయి టక్కున వస్తుంది.”

“పెట్రోలయితే మెల్లగా తగ్గుతాదండి. ఇది కరెంటు. హైవే మీద అయిందా?”

మా ఆయన ఆలోచనలో పడ్డారు. జొన్నాడ వంతెన మీదుగా రాజమండ్రి వెళ్ళొచ్చిన రోజుల్లో ఎప్పుడూ కాలేదు. గట్టు మీదే.

“గట్టు మీద ఎక్కడండి?”

“ఆత్రేయపురం దాటాక మెలిక ఒకటుంది. అక్కడ చాలాసార్లు అయింది.”

“వెళ్ళేటప్పుడా, వచ్చేటప్పుడా?”

ఆ ప్రశ్న అంతకు ముందు ఎవరూ అడగలేదు. మా ఆయన కళ్ళు మూసుకుని దారంతా మనసులో ఒకసారి తిరిగొచ్చారు. వెళ్ళేటప్పుడే. వచ్చేటప్పుడు అదే మెలిక దగ్గర ఎన్నడూ కాలేదు, ఇంకోచోట అవుతుంది. మేస్త్రి ముఖం వెలిగింది. “వెళ్ళేటప్పుడు ఎడమ మలుపు. వచ్చేటప్పుడు అదే కుడి మలుపవుతాదండి. హ్యాండిల్ ఎడమకి తిరిగితేనే దీనికి జబ్బు.”

అనుకున్నది రుజువు కావాలి కదా. నన్ను పెద్ద స్టాండు మీద నిలబెట్టి స్టార్టు చేశాడు. కుర్రాణ్ణి పిలిచి, “ఒరేయ్, అమ్మీటర్ ముల్లు మీంచి కళ్ళు తిప్పకు” అన్నాడు. హ్యాండిల్‌ని ఎడమ చివరికంటా తిప్పి పట్టుకుని కొద్దిగా ఊపాడు. ‘ఢబ్’ మన్నాను. అదే క్షణంలో ముల్లు ఎగిరిపడింది. ప్లగ్గులోనో హైటెన్షన్ వైరులోనో తప్పుంటే ఆ ముల్లు అంతగా కదలదు. కాయిల్ తాగే కరెంటే తెగితే తప్ప అది అలా ఎగరదు. ఎక్కడెక్కడ వెతకనక్కర లేదో కూడా ముల్లే చెప్పేసింది.

అయినా మేస్త్రి ఆగలేదు. బ్యాటరీ నుంచి కాయిల్‌కి విడిగా ఒక వైరు నేరుగా లాగాడు. ఇక తాళం తీసినా ఇంజను ఆగదు, వైరు పీకితేనే ఆగుతుంది. మా ఆయన నన్ను ఆత్రేయపురం మెలికల్లో తిప్పుకొచ్చారు. ఒక్క రవ్వ కూడా తప్పలేదు. వైరు తీసేసి మళ్ళీ తిప్పారు. మిస్సయ్యాను. ఒకటి చేర్చితే జబ్బు పోయి, అది తీసేస్తే మళ్ళీ వచ్చిందంటే ఇక అనుమానానికి చోటు లేదు.

నా అమ్మీటరు, తాళం స్విచ్చి హెడ్‌లైటు డూమ్‌లో ఉంటాయి. హ్యాండిల్‌తో పాటు డూమ్ కూడా తిరుగుతుంది. బ్యాటరీ, కాయిల్ మాత్రం కదలని ఫ్రేములో ఉంటాయి. ఈ రెంటినీ కలిపే వైర్లు నా మెడ దగ్గర వంగుతూ ఉంటాయి, హ్యాండిల్ తిప్పిన ప్రతిసారీ. ఎప్పుడో ఎవరో వాటిని మెడకు మరీ బిగించి టేపు చుట్టారు. స్విచ్చి నుంచి కాయిల్‌కి వెళ్ళే వైరు పై తొడుగు చెక్కుచెదరలేదు. కుర్రాడు బ్లేడుతో చీల్చి చూస్తే లోపల రాగి పోగులు దాదాపు అన్నీ తెగి పచ్చబడి ఉన్నాయి. ఎడమకు తిరిగితే మిగిలిన కాసిని పోగులూ విడిపోయేవి, నిటారుగా రాగానే మళ్ళీ తాకేవి.

ఆ ముక్క తీసేసి, సన్నని పోగులు ఎక్కువున్న మెత్తటి వైరు వేశాడు. వంగే చోట అతుకు పెట్టలేదు. సోల్డరు పెట్టిన చోట వైరు గట్టిపడి మళ్ళీ అక్కడే తెగుతుంది గనక అతుకుని ట్యాంకు కిందికి జరిపి స్లీవు తొడిగాడు. హ్యాండిల్ రెండు చివరలకూ తిప్పి, ఎటు తిప్పినా వైరు లాగకుండా కొంత వదులు ఉంచాడు. అయిన ఖర్చు మూరెడు వైరు, కూలీ. అంతకు ముందు మార్చిన సామాను ఖర్చుతో పోలిస్తే అది లెక్కలోకే రాదు.

జూన్‌లో బొబ్బర్లంక దగ్గర తలుపులెత్తి నీళ్ళు వదిలారు. మళ్ళీ గట్టెక్కాను. ఆ జబ్బు తిరిగి రాలేదు.

వచ్చిపోయే లోపాన్ని జనం మొండితనం అంటారు, దిష్టి అంటారు. నేను యంత్రాన్ని, నాకు మొండితనం తెలియదు. నాలో జరిగే ప్రతిదానికీ కారణం ఉంది. ఆ కారణం మలుపులోనో వేడిలోనో కుదుపులోనో దాక్కుని ఉంటుంది. సామాను మార్చేవాడు అదృష్టాన్ని నమ్ముకుంటాడు. పనివాడు ముందు ఆ లోపాన్ని తాను కోరినప్పుడు తెప్పిస్తాడు, తర్వాత కోరినప్పుడు పోగొడతాడు, ఆ తర్వాతే స్పానరు అందుకుంటాడు. ఇప్పుడు పాయింట్లు పోయి ఎలక్ట్రానిక్ పెట్టెలు వచ్చాయి, కార్బొరేటర్ల చోట సెన్సర్లతో నడిచే ఇంజెక్షన్ వచ్చింది. అయినా ప్రతి బండికీ మెడ ఉంది, ఆ మెడలోంచి వైర్లు వంగుతూనే ఉన్నాయి. మీ బండి మిస్సవుతుంటే దుకాణానికి వెళ్ళే ముందు ఒక కాగితం మీద రాసుకోండి. ఎక్కడ, ఎంత వేడిలో, ఎటు తిరిగినప్పుడు, వెళ్ళేటప్పుడా వచ్చేటప్పుడా. సగం మరమ్మతు ఆ కాగితం మీదే అయిపోతుంది.