నా కన్ను పెద్దది

నాకు ఎన్ని కన్నులున్నాయో నేనెప్పుడూ లెక్కపెట్టుకోలేదు. ఒక్కో కన్ను ఎంతదో మాత్రం తెలుసు. మూడు వేళ్ళు దూరేంత.

నేను విసురు వలను. స్టేషన్ ఘన్‌పూర్ మండలంలో ఒక చెరువు కింది ఊళ్ళో, ముదిరాజుల వాడలో పుట్టాను. మా పెద్దాయన వరంగల్ నుంచి నైలాన్ దారం తెచ్చి, కొసను వేపచెట్టుకు కట్టి, పొలం పని అయ్యాక రోజూ కాసేపు అల్లేవాడు. అట్లా రెండు నెలలు పట్టింది. చివరికి అంచు చుట్టూ సీసం గుండ్లు కట్టాడు. సగం అల్లిక అయినప్పుడు తమ్ముడు వచ్చి నన్ను చేతిలోకి తీసుకుని చూశాడు.

“అన్నా, గింత పెద్ద కన్ను పెడితే పిల్లలన్నీ జారిపోతయ్ గదనే!”

“పోనియ్‌రా. వచ్చే ఎండకాలానికి అవే కిలోకొస్తయ్.”

ఆ మాట మీదే నేను బతుకుతున్నాను.

సముద్రం మాకు రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం. మా వాడలో దాన్ని చూసినవాళ్ళు తక్కువే. మాకు చెరువే సముద్రం. ములుగు దిక్కున కోటగుళ్ళున్న ఘన్‌పూర్ ఇంకొకటి ఉంది. మాది కాజీపేట – సికింద్రాబాద్ రైలు దారి మీది ఊరు కాబట్టి స్టేషన్ ఘన్‌పూర్ అయింది. చెరువు కట్ట మీద నిలబడితే రాత్రిపూట రైలు కూత వినపడుతుంది. చదువుకున్న పిల్లలు ఆ రైలెక్కే హైదరాబాద్ పోయారు. మా పెద్దాయన కొడుకూ అట్లాగే పోయాడు.

నేను పుట్టిన కొత్తలో చెరువులో నీళ్ళున్నాయి. తర్వాత 2014, 2015లో వరుసగా వానలు మొహం చాటేశాయి. తూము దగ్గర మడుగు మిగిలింది, తర్వాత అదీ ఇంకిపోయింది. శిఖంలో నెర్రెలు బారిన మట్టి మీద బర్రెలు నడిచాయి. ఆ రెండేళ్ళు నేను గోడకున్న మేకుకు వేలాడాను. తడవని వలను ఎలుక కొరుకుతుంది. వాడని సీసానికి బూజు పడుతుంది. పెద్దాయన భార్య పెద్దమ్మ నన్ను కిందికి దించి దులిపి మళ్ళీ తగిలించేది. పెద్దాయన ఉపాధి పనికి పోయి, తన చెరువులోని మట్టినే తట్టలకెత్తాడు. మిషన్ కాకతీయ 2015లో మొదలైంది, పొక్లెయిన్లు దిగి ఒండ్రుమట్టి తవ్వాయి. రైతులు దాన్ని ట్రాక్టర్లలో పొలాలకు తోలుకున్నారు. ఆ లోతులో బురద కింద దాగిన కొర్రమట్టలు రెండు బయటపడ్డాయట. కొర్రమట్ట పైకొచ్చి గాలి పీల్చగలదు, అందుకే కరువును తట్టుకుంటుంది. ఆ మాట విని నాకు ధైర్యమొచ్చింది. ఏదో ఒకటి మిగిలే ఉంటుందని.

2016 సెప్టెంబరులో ఆకాశం విడవకుండా కురిసింది. ఒక తెల్లవారుజామున ఎవరో కట్ట మీద నుంచి అరిచారు: “మత్తడి దుంకుతుందిరో!” వాడంతా లేచి ఉరికింది. పెద్దమ్మ పసుపు కుంకుమ పట్టుకుని పోయి గంగమ్మకు మొక్కింది. పెద్దాయన నన్ను భుజాన వేసుకున్నాడు. ఆ రోజు నేను చేపల కోసం నీళ్ళలో పడలేదు. మత్తడి దగ్గర నన్ను ఒకసారి ముంచి లేపాడంతే. రెండేళ్ళ బూజు కొట్టుకుపోయింది.

చెరువు నిండితే చేపలు వాటంతటవే వస్తాయనుకుంటారు జనం. జెల్లలూ పరకలూ వస్తాయి. కానీ అమ్ముకునే రవ్వ, బొచ్చె అట్లా రావు. అవి పారే నీటి చేపలు, నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త 1957లో ఒడిశాలో చేపకు పీయూష గ్రంథి సారం ఎక్కించి గుడ్లు పెట్టించాడు. పిల్లల్ని కేంద్రాల్లో పుట్టించి చెరువుల్లో వదలడం దాంతోనే సాధ్యమైంది. మా చెరువు బతుకంతా ఆ ఒక్క పని మీద నిలబడిందని నాకనిపిస్తుంది. అదే 2016లో తెలంగాణ ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లల్ని వదలడం మొదలుపెట్టింది.

బండి వచ్చింది. ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో వేలు సగం పొడవు కూడా లేని పిల్లలు. కుర్రాళ్ళు ఆత్రంగా సంచి విప్పబోతే పెద్దాయన ఆపాడు. “మొదలు సంచిని నీళ్ళల్ల తేలనియ్యిండ్రి. లోపలి నీళ్ళు, చెరువు నీళ్ళు ఒక్క తీరైనంక విప్పాలె. లేకుంటె సచ్చిపోతయ్.” అరగంట సంచులు తేలాయి. తర్వాత మెల్లగా వంచితే పిల్లలు తమంతట తాము ఈదిపోయాయి. బొచ్చె పైనీటిలో, రవ్వ నడుమ, మోసు అడుగున మేస్తాయి. ఒకదాని తిండి మరొకటి గుంజుకోదు.

అన్ని యేళ్ళూ అట్లా జరగలేదు. ఒక యేడు చలి ముదిరినాక గానీ పిల్లలు రాలేదు. చలిలో చేప మేత తగ్గించి ఎదగడం మానేస్తుంది. ఆ ఎండాకాలం చేతికొచ్చినవన్నీ చిన్నవే. ఆ యేడు నా పెద్ద కన్ను పెద్దాయనకు నష్టమే చేసింది. వాడలో ఒకరిద్దరు దోమతెర లాంటి వలలతో ఉన్నదంతా ఊడ్చుకున్నారు. వాళ్ళను తిట్టను, వాళ్ళకూ అప్పులున్నాయి. కానీ మరుసటేడు ఆ మూల నీళ్ళలో నేను ఎన్నిసార్లు పడ్డా ఖాళీగానే లేచాను.

చేప పట్టడం ఒక కష్టమైతే అమ్మడం ఇంకో కష్టం. పెద్దమ్మ హన్మకొండ రోడ్డు పక్కన కత్తిపీట, బూడిద పెట్టుకుని కూచుంటుంది. ఆకివీడు, కైకలూరు నుంచి ఐసు పెట్టెల్లో లారీల మీద వచ్చే ఆంధ్రా చేపదే ధర. మాది నిన్న రాత్రి వరకూ ఈదిన చేపని ఎంత చెప్పినా, బేరం అక్కడి నుంచే మొదలవుతుంది. తన్నుకునే చేప అయితేనే నాలుగు రూపాయలు ఎక్కువ. వ్యాపారి దగ్గర ముందే అడ్వాన్సు తీసుకున్నవాళ్ళకు ఆ నాలుగు రూపాయలూ దక్కవు. మృగశిర కార్తె నాడు మాత్రం పెద్దమ్మకు తలెత్తే తీరిక ఉండదు.

2020లో లాక్‌డౌన్ పడ్డప్పుడు కొడుకు వచ్చాడు. పని పోయింది. మూడు వారాలు మంచం మీద ఫోను చూసుకుంటూ గడిపాడు. తర్వాత ఒక పొద్దున తనే నన్ను మేకు మీద నుంచి దించాడు.

మత్స్యకారుల సంఘంలో సభ్యత్వం కావాలంటే నైపుణ్య పరీక్ష ఉంటుంది. అధికారుల ముందు వల విసిరి చూపాలి. కొడుకు విసిరితే మొదట్లో నేను ముద్దలా పడేదాన్ని. నాకే సిగ్గేసేది. పెద్దాయన కోప్పడలేదు. అంచును పంటితో ఎట్లా పట్టాలో, మోచేతికి నన్ను ఎట్లా వేసుకోవాలో, నడుం ఎప్పుడు తిప్పాలో ఒక్కొక్కటే చూపించాడు. “చేత్తోని కాదు బిడ్డా, నడుంతోని ఇసురు.” వాకిట్లో, కల్లంలో, ఆఖరికి చెరువులో. పరీక్ష నాడు నేను గుండ్రంగా విచ్చుకున్నాను. సీసం గుండ్లన్నీ ఒక్కసారే నీటిని తాకాయి.

సభ్యత్వం వచ్చింది గానీ చెరువొక్కటే ఇల్లు నడపదు. దేవాదుల పథకం ద్వారా గోదావరి నీళ్ళు ఘన్‌పూర్ రిజర్వాయరుకు వచ్చినా అన్ని చెరువులకూ అన్ని యేళ్ళూ అందవు. కొడుకు పగలు ఘన్‌పూర్, జనగామ నడుమ ఆటో నడుపుతాడు, తెల్లవారుజామున చెరువుకొస్తాడు. హైదరాబాద్ నుంచి స్నేహితులు ఫోను చేస్తూనే ఉన్నారు. పోతాడో ఉంటాడో నాకు తెలియదు. ఉండాలని మాత్రం ప్రతి విసురుకూ కోరుకుంటాను.

మొన్న మునిగిన తుమ్మ మోడుకు తగిలి చారెడు మేర చినిగాను. రాత్రి బల్బు కింద ఇద్దరూ కూచున్నారు. పెద్దాయనకు చూపు ఆనడం లేదు, కొడుకే అల్లుతున్నాడు.

“నాయినా, జర చిన్న కన్ను పెట్టాల్నా? ఈసారి చేప సన్నగున్నది.”

పెద్దాయన జవాబు చెప్పలేదు. కొడుకు చెయ్యి పట్టుకుని, మూడు వేళ్ళు కలిపి నా పాత కన్నులో దూర్చాడు. కొడుకు వేళ్ళు లావు. బిగుతుగా పట్టాయి. ఆ వేళ్ళ కొలతకే ముడి వేయించాడు. చినిగిన చోట ఇప్పుడు నా కన్నులు మునుపటికంటే కాస్త పెద్దవి.